తోసేదెవరు, లాగేదెవరు? టర్కీ–గ్రీసు ఫైలు చేతికొచ్చిన వాళ్ళకు

హైదరాబాదులో కూర్చుని టర్కీ, గ్రీసు భూకంపాల లెక్కలు చూసే తెలుగువాళ్ళు ఉన్నారు. కొందరు బీమా కంపెనీలకు నష్టం అంచనాలు కట్టే ఆఫీసుల్లో ఉంటారు, కొందరు పైప్‌లైన్లు డిజైన్ చేసే సంస్థల్లో, ఇంకొందరు ఉపగ్రహ చిత్రాల నుంచి మ్యాపులు తీసే చోట. చదివింది జియాలజీ కావచ్చు, జియోఫిజిక్స్ కావచ్చు, సివిల్ కావచ్చు. కంప్యూటర్ సైన్సు చదివి అనుకోకుండా ఈ ఫైలు నెత్తిన పడ్డవాళ్ళూ ఉంటారు. మొదటి వారంలో అందరూ ఒకే మాట నేర్చుకుంటారు: అరేబియా పలక ఉత్తరానికి వచ్చి యూరేషియాను గుద్దుతోంది, మధ్యలో ఇరుక్కున్న అనటోలియా పడమటికి జారిపోతోంది. చింతపండు పిసుకుతుంటే వేళ్ళ సందులోంచి గింజ జారినట్టన్నమాట. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే ఈ ఒక్క మాట పట్టుకుని రిపోర్టు రాస్తే సగం ప్రాంతానికి అది పనికిరాదు.

ఎందుకో నాలుగు భూకంపాలు చెబుతాయి. 2011 అక్టోబరు 23న తూర్పు టర్కీలో వాన్ దగ్గర 7.1 తీవ్రతతో వచ్చినప్పుడు ఒక వైపు రాతి దిమ్మ రెండో దాని మీదికి ఎక్కింది. అది థ్రస్టు, అంటే నేల కుదించుకుపోయింది. 2023 ఫిబ్రవరి 6న కహ్రమన్‌మరాష్ ప్రాంతంలో తెల్లవారుజామున 7.8, తొమ్మిది గంటల తర్వాత 7.5 వచ్చినప్పుడు రెండు దిమ్మలు ఒకదాని పక్క నుంచి ఒకటి జారిపోయాయి. అది స్ట్రైక్‌స్లిప్. 2020 అక్టోబరు 30న గ్రీసు దీవి సామోస్‌కు ఉత్తరాన సముద్రం అడుగున 7.0 వచ్చినప్పుడు నేల ఉత్తర దక్షిణాలుగా సాగి ఒక దిమ్మ కిందికి కుంగింది. అది నార్మల్ ఫాల్టు. ఇక క్రీ.శ. 365 జులై 21న క్రీట్ దీవి పడమటి కొస సముద్రంలోంచి 9 మీటర్ల దాకా పైకి లేచింది. ఆనాటి సునామీ అలెగ్జాండ్రియాను ముంచింది. నాలుగూ ఒకే పలకల కలయిక ప్రాంతంలో జరిగినవే. తోపు ఒక్కటే కారణమైతే ఒక చోట నలిగి, ఒక చోట జారి, మరో చోట సాగడం ఏమిటి?

కాగితం మీద నాలుగు అంకెలు

సాఫ్ట్‌వేర్ తెరవకముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. యూరేషియా కదలడం లేదనుకుని మిగతావి ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు కదులుతున్నాయో రాయండి. అరేబియా ఉత్తరపు అంచు వాయవ్యంగా 15 నుంచి 18. మధ్య అనటోలియా, అంకారా చుట్టుపక్కల, పడమటికి 20 పైచిలుకు. దక్షిణ ఏజియన్, అంటే క్రీట్, శాంటొరీని ప్రాంతం, నైరుతికి 30 పైచిలుకు. అక్కడికి దక్షిణాన ఆఫ్రికా పలక ఉత్తరానికి కదిలేది ఐదో ఆరో. 1988 నుంచి 1997 దాకా జీపీఎస్‌తో కొలిచి 2000లో అచ్చువేసిన లెక్కల్లో ఈ బొమ్మ స్పష్టంగా కనిపించింది. తర్వాతి కొలతలు దాన్ని మెరుగుపరిచాయి, తలకిందులు చెయ్యలేదు.

ఇప్పుడు ఆ కాగితాన్నే చదవండి. వెనక నుంచి తోసే శక్తి ఒక్కటే ఉంటే దూరం పోయేకొద్దీ వేగం తగ్గాలి. దారిలో నేల నలిగి కొంత తినేస్తుంది. ఇక్కడ అరేబియా నుంచి దూరం వెళ్ళేకొద్దీ వేగం పెరుగుతోంది. తోసేవాడి దగ్గర 18, చివర ఉన్నవాడి దగ్గర 30. అంటే ముందు వైపు నుంచి ఎవరో లాగుతున్నారు.

లాగేది క్రీట్‌కు దక్షిణాన సముద్రం అడుగున ఉన్న కందకం, హెలెనిక్ ట్రెంచ్. ఆఫ్రికా పలక ముందుభాగంలో ఉన్న మధ్యధరా సముద్రపు అడుగు 20 కోట్ల ఏళ్ళు పైబడిన రాయి. చల్లారి, చిక్కబడి, బరువెక్కి మాంటిల్‌లోకి దిగబడుతోంది. అది ఏటవాలుగా ముందుకు మాత్రమే దూరితే ట్రెంచ్ ఉన్నచోటే ఉండేది. సొంత బరువుకు నిటారుగానూ కుంగుతుండటంతో పలక వంగే చోటు ఏటేటా దక్షిణానికి వెనక్కి జరుగుతోంది. ఆ ఖాళీలోకి పై పలక సాగి వస్తోంది. సాగింది పలచబడుతుంది: ఉత్తర గ్రీసు కొండల కింద 40 కిలోమీటర్లు దాటే భూపటలం క్రీట్ సముద్రం కింద 20, 25 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేసింది.

ఇదే సంగతిని ఒక కూడికతో చెప్పొచ్చు. మీటింగులో వాడుకోండి, బాగా పనిచేస్తుంది. ట్రెంచ్ దగ్గర రెండు పలకలు ఏడాదికి దాదాపు 35 మిల్లీమీటర్లు దగ్గరవుతున్నాయి. అందులో ఆఫ్రికా నడిచి వచ్చేది ఐదారే. మిగతాది పై పలకే ఎదురెళ్ళి వేస్తున్న అడుగు.

రాళ్ళ వయసులు కూడా ఇదే సాక్ష్యం చెబుతాయి. ఏజియన్‌లో సాగుడు మొదలై దాదాపు మూడు కోట్ల ఏళ్ళు. అనటోలియా పడమటికి జారడానికి దారి ఇచ్చిన ఉత్తర అనటోలియా ఫాల్టు వయసు కోటీ పది, కోటీ ముప్పై లక్షల ఏళ్ళ మధ్య. జారుడు మొదలవక ముందే సాగుడు ఉంది కాబట్టి జారుడు వల్లే సాగుడు వచ్చిందనడం కుదరదు.

అలాగని తోపును కొట్టిపారేస్తే అదీ పొరపాటే. వాన్ చుట్టూ రెండు కిలోమీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి ఊరికే లేవలేదు. వాటాల దగ్గర మాత్రం శాస్త్రవేత్తలకు ఇంకా పొసగలేదు: దిగబడే పలక లాగుడే ప్రధానమనేవాళ్ళు కొందరు, ఎత్తైన తూర్పు అనటోలియా తన బరువుకు తానే పల్లానికి పరుచుకుంటోందనేవాళ్ళు కొందరు, కింద మాంటిల్ ప్రవాహం మోసుకుపోతోందనేవాళ్ళు ఇంకొందరు. మీ ఉద్యోగానికి ఆ తగువు తీరనక్కర్లేదు. మీ సైటు దగ్గర ఏ బలానిది పైచేయి అన్నది తేలితే చాలు. ఎందుకంటే ఫాల్టు ఎటు కదులుతుందో, దాని మీద ఏం కట్టాలో నిర్ణయించేది అదే.

"దేనితో పోలిస్తే?"

రివ్యూ మీటింగుల్లో తరచు వినిపించే సంభాషణ ఇలా ఉంటుంది.

"సార్, ఇజ్మీర్ ఏడాదికి 25 మిల్లీమీటర్లు కదులుతోంది. రిస్కు ఎక్కువ పెట్టాను."

"దేనితో పోలిస్తే కదులుతోందమ్మా?"

అక్కడితో గది నిశ్శబ్దం. జీపీఎస్ బాణాలన్నీ దేన్నో ఒకదాన్ని కదలనిదిగా అనుకుని గీసినవే. యూరేషియాను స్థిరంగా పెడితే అనటోలియా మొత్తం అపసవ్యంగా గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, అందరూ అదే బొమ్మ స్లైడులో పెడతారు. అనటోలియాను స్థిరంగా పెట్టి మళ్ళీ గీయండి. దేశం నడిబొడ్డున బాణాలు దాదాపు మాయమవుతాయి, ఏజియన్‌లో మాత్రం నైరుతి వైపు పొడవాటి బాణాలు మిగులుతాయి. లాగుడు ఎక్కడ మొదలవుతోందో అప్పుడు కంటికి కనిపిస్తుంది. ఈ పని తెలిసినవాళ్ళకు పది నిమిషాలు పడుతుంది. రెండు బొమ్మలూ పక్కపక్కనే పెట్టకుండా ఏ రిపోర్టూ పంపకండి.

వేగం ప్రమాదం కాదు, వేగాల మధ్య తేడా ప్రమాదం. అంకారా ఏడాదికి 20 మిల్లీమీటర్లు పైన కదులుతున్నా దాని చుట్టుపక్కల ఊళ్ళన్నీ అదే వేగంతో వస్తున్నాయి కాబట్టి అక్కడ నేల పెద్దగా ఒత్తిడికి లోనుకావడం లేదు. గ్రీసులో కోరింత్ సింధుశాఖ చూడండి. పడమటి భాగంలో ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు పది, ఇరవై కిలోమీటర్లు. ఆ కొద్ది దూరంలోనే రెండు ఒడ్లూ ఏడాదికి 10 నుంచి 15 మిల్లీమీటర్లు విడిపోతున్నాయి. 1981లో, 1995లో ఆ సింధుశాఖ ప్రాంతంలో ప్రాణాలు తీసిన భూకంపాలు వచ్చాయి.

ఉపగ్రహ చిత్రాలతో పనిచేసేవాళ్ళకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన గుంట ఉంది. సెంటినెల్-1 రాడార్ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, వాటితో అనటోలియా మొత్తానికి కదలికల పటం 2020లోనే వచ్చింది. అది చూసి ఏజియన్ కూడా అలాగే చేసేద్దామనిపిస్తుంది. కానీ ఈ ఉపగ్రహాలు ధ్రువాల మీదుగా తిరుగుతూ పక్కకు చూస్తాయి. తూర్పు–పడమర కదలిక, పైకీ కిందికీ కదలిక బాగా పట్టుకుంటాయి. ఉత్తర–దక్షిణ కదలిక వాటికి సరిగా ఆనదు. ఏజియన్‌లోనూ పడమటి టర్కీలోనూ సాగుడు ప్రధానంగా ఉత్తర–దక్షిణాలుగానే. మీకు కావలసిన దాన్నే ఆ పరికరం చూడలేదు. పైగా మధ్యలో సముద్రం వచ్చి దీవికీ దీవికీ లంకె తెగిపోతుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్ రాడార్ ఉపగ్రహానికి కూడా కక్ష్య ఇలాంటిదే కాబట్టి ఈ బలహీనత తప్పదు. ఉత్తర–దక్షిణ భాగానికి జీపీఎస్ స్టేషన్ల లెక్కే నమ్మండి. రాడార్‌ను నేల ఎక్కడ కుంగుతోందో చూడటానికి వాడండి.

కుంగుడు అనగానే ఫాల్టు అనుకోకండి మరి. మధ్య టర్కీలో కొన్యా మైదానం రాడార్ చిత్రంలో ఎర్రగా మండిపోతుంటుంది, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు దిగుతుంది. అది పలకల పని కాదు, బోరుబావుల పని. ఏ పంట ఎంత నీరు తాగుతుందో తెలియకుండా ఆ చిత్రాన్ని చదవలేం. మన వ్యవసాయ కుటుంబాల పిల్లలకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

పైపు ఏ కోణంలో దాటాలి

సివిల్, పైప్‌లైన్ పనివాళ్ళకు తోపు–లాగుడు తేడా నేరుగా డ్రాయింగులోకి దిగుతుంది. ఉక్కు పైపు సాగుడును ఓర్చుకున్నంతగా కుదింపును ఓర్చుకోదు. సాగితే కొంత దూరం తెగకుండా వస్తుంది, కుదిస్తే త్వరగా ముడతపడి చీలుతుంది. కాబట్టి నార్మల్ ఫాల్టును దాటే పైపుకు సహజంగానే కొంత నయం, థ్రస్టును దాటేదానికి కష్టం. స్ట్రైక్‌స్లిప్ దగ్గర అంతా కోణం మీద ఆధారపడుతుంది.

1999 ఆగస్టు 17న ఇజ్మిత్ భూకంపంలో ఇది కళ్ళారా కనిపించింది. కుల్లర్ అనే చోట 2.2 మీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు నీటిపైపు ఫాల్టును ఏటవాలుగా దాటుతోంది. నేల అక్కడ దాదాపు మూడు మీటర్లు పక్కకు జరిగింది. పైపు దాటిన కోణం ఎలాంటిదంటే, ఆ జరుగుడు దాన్ని సాగదీయకుండా నొక్కింది. పైపు ముడతలు పడి నీళ్ళు కారింది. అదే పైపు రెండో వైపు వాలుగా దాటి ఉంటే సాగి ఉండేది.

ఇందులో కొత్తవాళ్ళు పట్టించుకోని మెలిక ఒకటుంది. ఉత్తర అనటోలియా ఫాల్టు కుడివైపు జారేది; ఈ వైపు నిలబడి చూస్తే ఆవలి నేల కుడికి పోతుంది. తూర్పు అనటోలియా ఫాల్టు ఎడమవైపు జారేది. ఒకదాని మీద మేలైన కోణం రెండో దాని మీద సరిగ్గా చెడ్డ కోణం. పాత ప్రాజెక్టు డ్రాయింగు తెచ్చి కొత్త సైటు మీద అతికించే అలవాటున్న ఆఫీసుల్లో ఈ ఒక్కటీ అడిగితే చాలు, మీ ఉద్యోగానికి విలువ ఏమిటో పైవాళ్ళకు తెలుస్తుంది. ఫాల్టు జాడలకు టర్కీ గనుల, భూగర్భ పరిశోధన సంస్థ ఎంటీఏ వేసిన క్రియాశీల ఫాల్టుల పటం ఉంది. భూకంపం కదిలిన తీరుకు గ్లోబల్ సీఎంటీ జాబితాలోని బీచ్‌బాల్ గుర్తులు ఉన్నాయి. ఇస్తాంబుల్‌లోని కాందిల్లీ వేధశాల, ప్రభుత్వ విపత్తు సంస్థ ఆఫాద్ రెండూ కేటలాగులు ఇస్తాయి. పడమటి టర్కీ అంటే అన్నీ నార్మల్ ఫాల్టులే అనుకోవద్దు, ఇజ్మీర్ పక్కనే స్ట్రైక్‌స్లిప్‌లూ ఉన్నాయి. ఒక్కో ఫాల్టుకూ బీచ్‌బాల్ చూడాల్సిందే.

ఇంకొకటి. మన దగ్గర "ఏ జోను?" అని అడగడం అలవాటు. టర్కీలో 2019 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రమాద పటంలో జోన్లు లేవు, అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ఆ చోటికి ఊపు విలువ వస్తుంది. అక్కడి క్లయింటు దగ్గర జోను గురించి మాట్లాడితే మీరు పాత కోడు చదివి వచ్చారని వెంటనే తెలిసిపోతుంది.

కుంగిన చోటే ఊరు

సామోస్ భూకంపంలో దీవి మీద చనిపోయినవారు ఇద్దరు. కేంద్రానికి 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇజ్మీర్‌లో 117 మంది చనిపోయారు. ఎక్కువగా కూలినవి బైరాక్లి పేటలోని ఏడు నుంచి పది అంతస్తుల ఇళ్ళు. కింద మెత్తటి ఒండ్రు లోతుగా ఉంది. దూరం నుంచి వచ్చిన నెమ్మది ఊపును ఆ ఒండ్రు పెంచింది, ఆ ఎత్తు భవనాలు సరిగ్గా ఆ ఊపుకే ఊగాయి. కట్టుబడి నాణ్యత పాత్ర ఎలాగూ ఉంది.

దీన్ని మట్టి సమస్య అని పక్కన పెట్టి, ఫాల్టుల సమస్యతో సంబంధం లేనట్టు రాసే రిపోర్టులు నాకు నచ్చవు. ఆ ఒండ్రు అక్కడెందుకుంది? లాగుడు వల్ల నేల సాగి, మధ్య దిమ్మ కుంగి, పొడవాటి లోయలు ఏర్పడ్డాయి. వాటిలోకి నదులు దిగి మట్టి నింపాయి. గెదిజ్, బుయుక్ మెండెరెస్ లోయలు అలా పుట్టినవే. చదునుగా, నీళ్ళు దగ్గరగా ఉండేసరికి పంటలు, రోడ్లు, ఊళ్ళు అన్నీ అక్కడికే చేరాయి. లాగుడే ఫాల్టునిచ్చింది, లాగుడే మెత్తటి మట్టినీ ఇచ్చింది. నష్టం లెక్కలో ఈ రెంటినీ ఒకదానికొకటి సంబంధం లేని విషయాలుగా తీసుకుంటే జవాబు తక్కువ వస్తుంది.

అదే లాగుడు వేడినీ ఇచ్చింది. పలచబడ్డ భూపటలం కింద నుంచి వేడి పైకి తేలిగ్గా వస్తుంది, నార్మల్ ఫాల్టుల పగుళ్ళు వేడినీటికి దారులవుతాయి. డెనిజ్లీ దగ్గర కిజిల్‌డెరెలో 1984లో టర్కీ మొదటి భూతాప విద్యుత్ కేంద్రం మొదలైంది. ఇవాళ ఆ దేశం 1,600 మెగావాట్లు దాటి ప్రపంచంలో ముందువరుస దేశాల్లో ఉంది, అందులో సింహభాగం మెండెరెస్ లోయలోనే. రాజమండ్రి చుట్టూ కేజీ బేసిన్ రిగ్గుల మీద పనిచేసినవాళ్ళకు ఇక్కడ దొరికే పని కొత్తగా అనిపించదు. డ్రిల్లింగ్, సిమెంటింగ్, లాగింగ్ అవే. రెండు తేడాలు మాత్రం ముందే తెలుసుకుని వెళ్ళాలి. ఒకటి, అక్కడి పాలరాయి వల్ల నీటిలో బొగ్గుపులుసు వాయువు చాలా ఎక్కువ. పైపుల్లో సున్నపు గార పేరుకుంటుంది. రెండు, చమురు బావిలా పొర కోసం కాకుండా ఫాల్టు పగులు కోసం తవ్వాలి. పైన నిటారుగా కనిపించిన ఫాల్టు లోతున పడకేసినట్టు చదునుగా మారొచ్చు. బావి దారి ఆ వంపును లెక్కలోకి తీసుకోకపోతే పగులు తగలకుండానే లోపలికి పోతుంది. ఆయ్‌దిన్ జిల్లాలో అంజూరం, ఆలివ్ రైతులు ఈ కేంద్రాల వాయువుల మీద, నీళ్ళ మీద ఏళ్ళ తరబడి గొడవ చేస్తున్నారు. అక్కడికి వెళ్ళి పనిచేసేవాళ్ళు ఆ గొడవ తమది కాదనుకుంటే ఊళ్ళో నిలబడటం కష్టం.

నోరు, కలం

ఈ పనిలో ఉద్యోగం పోగొట్టేవి లెక్కల తప్పులు కావు, ఎక్కువగా మాటల తప్పులు. పక్కనున్న ఇటలీలో జరిగింది తెలుసుకోండి. అక్కడా కథ ఇలాంటిదే: ఏడ్రియాటిక్ వైపు పలక దిగబడుతూ వెనక్కి జరిగింది, ఆపెనైన్ కొండల నడుమ నేల ఏడాదికి మూడు మిల్లీమీటర్ల చొప్పున సాగుతోంది. 2009 ఏప్రిల్ 6న లాక్విలా పట్టణంలో 6.3 వచ్చి 300 మందికి పైగా చనిపోయారు. దానికి ముందు నెలల తరబడి చిన్న చిన్న ప్రకంపనలు. వారం ముందు నిపుణుల సమావేశం జరిగింది. ఆ చిన్నవాటి వల్ల శక్తి విడుదలై మంచే జరుగుతోందన్న అర్థం వచ్చేలా ఒక అధికారి టీవీ ముందు అన్నారు. 2012లో ఆరుగురు శాస్త్రవేత్తలకు, ఆ అధికారికి ఆరేళ్ళ జైలుశిక్ష పడింది. 2014లో పై కోర్టు శాస్త్రవేత్తలను విడిచిపెట్టి అధికారి శిక్షను రెండేళ్ళకు తగ్గించింది.

"చిన్నవి వస్తే పెద్దది రాదుగా?" అని క్లయింటు అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. జవాబు లెక్కలోనే ఉంది. తీవ్రత ఒక్క మెట్టు పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు. ఒక్క 7 తీవ్రత శక్తి తీరాలంటే 5 తీవ్రతవి వెయ్యి రావాలి. ఎక్కడా అలా రావు. ఈ రెండు వాక్యాలు చెప్పి ఊరుకోండి. "అయితే పెద్దది వస్తుందా?" అన్న రెండో ప్రశ్నకు తొందరపడి అవుననో కాదనో అనకండి. 2025 తొలి నెలల్లో శాంటొరీని పక్కన వేల ప్రకంపనలు వచ్చి దీవి నుంచి వేలమంది వెళ్ళిపోయారు. అది కింద మాగ్మా పగుళ్ళలోకి దూరడం వల్లనని తర్వాతి విశ్లేషణల్లో తేలింది. పెద్ద భూకంపం రాలేదు. ఆ సమయంలో ఎవరు ఏ వైపు ఢంకా బజాయించి చెప్పినా వాళ్ళకు ఆధారం లేదు.

శాతాల్లో రాసినప్పుడు వాటి అర్థం కూడా పక్కనే రాయండి. ఉత్తర అనటోలియా ఫాల్టు మీద 1939 ఎర్జింజాన్‌తో మొదలైన భూకంపాలు ఒకదాని తర్వాత ఒకటి పడమటికి నడిచాయి. ఒక్కోటి పక్క ముక్క మీద ఒత్తిడి ఎలా పెంచిందో లెక్కగట్టి స్టీన్, బర్కా, డీటెరిచ్ అనే ముగ్గురు 1997లో ఒక పరిశోధన వ్యాసం ప్రచురించారు. ఇజ్మిత్‌కు దక్షిణాన ముప్పై ఏళ్ళలో పెద్ద భూకంపం వచ్చే అవకాశం 12 శాతం అని రాశారు. రెండేళ్ళకే వచ్చింది. పన్నెండు శాతాన్ని "రాదు" అని చదివినవాళ్ళు మోసపోయారు. చదివేవాడు అలా చదవకుండా చూసుకోవడం రాసేవాడి పనిలో భాగమే. "దాదాపు ఎనిమిదింట ఒకటి, అంటే పాచిక వేసి ఒకటి పడటం కంటే కాస్త తక్కువ" అని రాస్తే మేనేజరుకూ అర్థమవుతుంది, బ్యాంకు అధికారికీ అర్థమవుతుంది.

బీమా బల్ల మీద ఉన్నవాళ్ళకు దీని తిరగేసిన సమస్య హెలెనిక్ ట్రెంచ్ దగ్గర ఎదురవుతుంది. ఏడాదికి 35 మిల్లీమీటర్లు దగ్గరవుతున్నా, నమోదైన భూకంపాలన్నీ కలిపితే ఆ కదలికలో కొద్ది భాగమే లెక్కకొస్తుంది. మిగతాది ఎక్కువగా చప్పుడు లేకుండా జారిపోతోంది. వెనక్కి జరిగే ట్రెంచ్‌లలో పై పలక, కింది పలక గట్టిగా పట్టుకుని ఉండకపోవడం కొత్త సంగతేమీ కాదు. అంతమాత్రాన అక్కడ పెద్ద భూకంపానికి సున్నా పెడితే 365 నాటి క్రీట్ ఒడ్డును ఎక్కడ పెడతారు? పైకి లేచిన ఆనాటి రేవు, నాచు మరకల గీత ఇప్పటికీ కొండరాయి మీద కనిపిస్తాయి. వందేళ్ళ పరికరాల రికార్డుతో వెయ్యేళ్ళ ప్రశ్నకు జవాబు రాసేటప్పుడు ఆ అరుదైన దానికి చిన్నదైనా ఒక గడి తప్పకుండా ఉంచండి.

మన వైపు తిరిగితే

ఇదంతా నేర్చుకున్నవాళ్ళకు సొంత ఇంటి దగ్గరే పని ఉంది. హైదరాబాదు ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ 2007 అక్టోబరు నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం నడుపుతోంది. ఉప్పల్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జీఎస్‌ఐ శిక్షణ కేంద్రమూ నగరంలోనే ఉంది. జీఎస్‌ఐలో చేరాలంటే యూపీఎస్సీ కంబైండ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి. ఆంధ్రా, ఉస్మానియా విశ్వవిద్యాలయాల జియోఫిజిక్స్ వాళ్ళకు ఈ దారులు తెలిసినవే.

అండమాన్ వైపు మన పలక ఈశాన్యంగా వెళ్తూ సుంద ట్రెంచ్ కిందికి దూరుతోంది, వెనక అండమాన్ సముద్రం విడిపోతోంది, ఉత్తరాన మయన్మార్‌లో సగాయింగ్ ఫాల్టు పక్కకు జారుతోంది. దూరడం, సాగడం, జారడం మూడూ మళ్ళీ ఒక్క చోటే. కానీ ఏజియన్ అచ్చు ఇక్కడ దించకండి. ఇక్కడ పలక ట్రెంచ్‌కు ఎదురుగా రావడం లేదు, బాగా వాలుగా, అండమాన్ దగ్గర దాదాపు పక్కగా వస్తోంది. సముద్రం విడిపోవడంలో ఆ వాలు పాత్ర పెద్దది. 2004 డిసెంబరు 26 నాటి థ్రస్టు మన తీరానికి సునామీ తెచ్చింది. 2025 మార్చి 28న మండలే దగ్గర సగాయింగ్ మీద 7.7 వస్తే వెయ్యి కిలోమీటర్ల దూరంలో, మెత్తటి బంకమన్ను మీద ఉన్న బ్యాంకాక్‌లో కడుతున్న ఎత్తైన భవనం కుప్పకూలింది. బైరాక్లి కథ గుర్తుంటే ఆ దూరం చూసి ఆశ్చర్యం కలగదు.

ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళు సర్టిఫికెట్ల కట్టతో పాటు ఒక్క పేజీ సొంత పని పట్టుకెళ్ళండి. మండలే భూకంపాన్నే తీసుకోండి. ఒక మూల బీచ్‌బాల్, దాని కింద రెండు వేర్వేరు పలకలను స్థిరంగా పెట్టి గీసిన జీపీఎస్ బాణాలు, సెంటినెల్ చిత్రంలో కనిపించే జరుగుడు, అందులో ఉత్తర–దక్షిణ భాగం ఎందుకు సరిగా రాదో ఒక వాక్యం. సగాయింగ్ ఉత్తర–దక్షిణంగా నడిచే ఫాల్టు కాబట్టి ఆ వాక్యం రాయకపోతే బొమ్మకు అర్థమే లేదు, అడిగేవాళ్ళు మొదట వేలు పెట్టేదీ అక్కడే. చివరి నాలుగు వరుసల్లో, ఆ ఫాల్టును దాటే ఒక పైప్‌లైను ఏ వైపు వాలాలో కారణంతో సహా రాయండి. డేటా అంతా ఉచితంగా దొరికేదే, రెండు వారాంతాలు కూర్చుంటే పూర్తవుతుంది.